ఎదగని నెలల వెల

పశువు మేయు మేత రెండు ప్రయోజనములకై వ్యయమగును. గుండె కొట్టుకొనుటకును, ఊపిరి ఆడుటకును, దేహమున వేడి నిలుచుటకును, లేచి నడచుటకును కావలసిన శక్తి యంతయు ముందుగా జీవనపోషణమను పద్దునకు చెల్లిపోవును. ఆ పద్దు తీరగా మిగిలినదానితోనే ఎముక సాగుట, కండ పెరుగుట, గర్భము నిలుచుట, పాలు పడుట జరుగును. మొదటి వ్యయమునకు సెలవుదినము లేదు. పశువు పెరిగినను పెరుగకున్నను, పాలిచ్చినను ఈయకున్నను, తెల్లవాఱునప్పటికి ఆ దినపు మూల్యమును రైతు చెల్లించియే తీరవలెను. కావున 300 కిలోల బరువునకు 20 నెలలలో వచ్చిన పశువును, 36 నెలలకు వచ్చిన పశువును కాటాపై నిలిపినప్పుడు సమానముగనే తూగినను, రెండవది తన వెనుక 16 నెలల అధికవ్యయమును దాచుకొని నిలిచియున్నదని యెఱుగవలెను. ఆ 16 నెలలలో అది మేసిన గడ్డి, త్రాగిన నీరు, ఇంటివారు చేసిన చాకిరి మాత్రమే గాక, అది గాలిలోనికి విడిచిన వాయువు కూడ ఆ లెక్కలో చేరును. మొదటి మూడింటిని ఎంతోకొంత మన రైతులు లెక్కించుకొనుచునే యున్నారు. నాలుగవదానిని కూడ లెక్కించు కాలము వచ్చినది గనుక ఈ అధ్యాయమును ఆ దృష్టితో వ్రాయుచున్నాను.

నెమరువేయు జంతువు పెద్దపొట్టలో కంటికి కనరాని సూక్ష్మజీవులు కోట్లకొలది నివసించి, మనము జీర్ణించుకొనలేని గడ్డిపీచును పులియబెట్టి, పశువునకు ఆహారముగా మార్చుచుండును. ఆ పులియుటలో హైడ్రోజను పుట్టును; అది అక్కడనే పేరుకొన్నచో పులియుట నిలిచిపోవును గనుక, మఱియొక జాతి సూక్ష్మజీవులు దానిని బొగ్గుపులుసువాయువుతో కలిపి మీథేనుగా మార్చివేయును. ఈ మీథేను పశువు వెనుకభాగమునుండి వెడలునని పలువురు తలంతురు గాని, దానిలో మిక్కిలి అధికభాగము త్రేనుపుతో నోటినుండియే బయటపడును. ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణసంఘమువారు 2006లో ప్రకటించిన గణనపద్ధతి ననుసరించి, ఆవులును గేదెలును మేసిన మేతలోని మొత్తము శక్తిలో సుమారు 6.5 శాతము ఈ రూపమున గాలిపాలగుచున్నది. అనగా రైతు కొని పెట్టిన మేతలో పదునైదింట నొకపాలు పశువున కందక, రైతున కందక పోవుచున్నదన్నమాట. గాలిలో చేరిన మీథేను సుమారు 12 సంవత్సరములు నిలిచి, నూఱేండ్ల కాలమానమున చూచినప్పుడు అంతే బరువుగల బొగ్గుపులుసువాయువు కంటె దాదాపు 28 రెట్లు భూమిని వేడిచేయును. దీని ఆయుస్సు స్వల్పము గనుక, నేడు తగ్గించినచో ఫలితమును మన బిడ్డల తరమువఱకు వేచియుండక మనమే కన్నులార చూడగలము. నాకు ఈ విషయమున ఆశ కలుగుటకు ముఖ్యకారణ మిదియే.

ఎదగని నెలలను తగ్గించుటను దేశవ్యాప్తమైన ప్రణాళికగా చేపట్టినవారిలో ఐర్లండువారిని ముందుగా చెప్పుకొనవలెను. ఆ దేశమున మాంసమునకై పెంచు కోడెలలోను పెయ్యలలోను పెద్దభాగము పాడియావుల మందలనుండి వచ్చునవే. 2015లో ఐరోపా సమాఖ్య పాల కోటాలను తొలగించిన పిమ్మట ఆ మందలు పెరిగి, వానితోపాటు ఈ దూడల సంఖ్యయు పెరిగినది. 2022 జూలైలో అక్కడి ప్రభుత్వము, వ్యవసాయరంగము వెలువరించు వాయువులను 2018 నాటి పరిమాణముతో పోల్చి 2030 నాటికి 25 శాతము తగ్గింపవలెనని నిర్ణయించినది. అందుకు మార్గములు వెదకిన చాగస్క్ అను జాతీయ వ్యవసాయ పరిశోధన విస్తరణ సంస్థ సూచించిన ఉపాయములలో నొకటి, సగటున సుమారు 26 నెలల ప్రాయమున వధశాలకు పోవు పశువును 22, 23 నెలలకే సిద్ధపఱచుట.

మూడునాలుగు నెలల తేడాలో ఏమున్నదని మీరు అడుగవచ్చును. ఆ దేశపు శీతకాలమును తలచుకొన్నచో దాని విలువ బోధపడును. అక్కడ దూడ మాఘఫాల్గుణములలో పుట్టి, మొదటి వేసవి పచ్చికపై పెరిగి, నవంబరులో కొట్టము చేరి, పాతర వేసిన గడ్డితో శీతకాలము గడపి, మరల వసంతమున పచ్చికకు విడువబడును. రెండవ వేసవి ముగియునప్పటికి అది తగిన బరువునకు, తగిన కొవ్వునకు వచ్చినచో రెండవ శీతకాలమును కొట్టములో గడపనవసరము లేకుండ పోవును. ఆ కాలమునకు వలసిన పాతరగడ్డి, దానికై కోసిన పొలము, వేసిన ఎరువు, గుంటలలో నిలువయుండి తానును మీథేను విడుచు పేడమూత్రముల ద్రవము, ఇవి యన్నియు ఒక్కసారిగా తప్పిపోవును. ఆంగస్, హెరిఫర్డ్ జాతుల సంకరములు త్వరగా కొవ్వుపట్టును గనుక వానికిది సుసాధ్యము; షారొలే, లిమూసిన్ వంటి ఆలస్యముగా పక్వమగు జాతులకు కొంత కష్టము.

ఇచట రెండు మాటలు దాచక చెప్పవలెను. చివరి నెలలలో ధాన్యమును విస్తారముగా మేపి పశువును బలవంతముగా ముందునకు త్రోయుట ఈ ఉపాయమునకు సారము గాదు. ఆ ధాన్యమును పండించుటకు వేసిన నత్రజని ఎరువు తానే మఱియొక వేడివాయువును పుట్టించును. మొదటి శీతకాలమున దూడ దినమునకు 600 గ్రాములు పెరుగునట్లు మంచి పాతరగడ్డి సమకూర్చుట, లేతపచ్చికను ముదురకమునుపే మేపుట, ఊపిరితిత్తుల పురుగును కడుపులోని పురుగును సకాలమున కనిపెట్టుట, ఈ సామాన్యమైన పనులే నెలలను మిగుల్చును. రెండవది, పశువు ముందుగా వెళ్ళిపోగా ఖాళీయైన చోట రైతు మఱియొక దూడను తెచ్చి కట్టినచో కిలో మాంసమునకు పడు వాయువు తగ్గును గాని, దేశము విడుచు మొత్తము వాయువు తగ్గదు. ఈ రెండు లెక్కలను వేఱుచేసి చూడని వారు తమను తాము మోసపుచ్చుకొనుచున్నారని నా నిశ్చితాభిప్రాయము.

ఇక మన తెలుగునాటికి వత్తము. మనయొద్ద మాంసము కొఱకే పశువును ప్రత్యేకముగా పెంచు ఆచారము గొఱ్ఱెమేకల యెడ కలదు గాని, గేదెజాతి యెడ అరుదు. పాలు వట్టిపోయి, మరల చూడి నిలువని గేదె చివరకు కబేళా చేరును. కావున ఐర్లండు రైతునకు 'ఎన్నవ నెలకు అమ్మకమునకు వచ్చినది' అను ప్రశ్న యెట్టిదో, మన రైతునకు 'పడ్డ ఎన్నవ నెలకు తొలిసారి ఈనినది' అను ప్రశ్న అట్టిది. 2019 పశుగణన నాటికి భారతదేశమున దాదాపు 11 కోట్ల గేదెజాతి పశువు లున్నవి. అందు ఆంధ్రప్రదేశమున 62 లక్షలు, తెలంగాణమున 42 లక్షలు. ఇంటింటను పాలిచ్చు గేదెల వెనుక, నాలుగేండ్లు నిండవచ్చినను ఇంకను ఈనని పడ్డ యొకటి గాటిచివర గడ్డిపరక నములుచు నిలిచియుండుట మన పల్లెలలో సర్వసాధారణమైన దృశ్యము. అది పాలీయదు గనుక దానిని ఖర్చులేని పశువని తలంచుచున్నాము. ఆ తలంపే సరిదిద్దుకొనవలసినది.

లెక్క కష్టమైనది గాదు. మీరే కాగితముపై వేసి చూడుడు. ముఱ్ఱాజాతి పెయ్యదూడ పుట్టినప్పుడు సుమారు 30 కిలోలు తూగును. చూలు కట్టించుటకు అది 300 కిలోలైనను రావలెను. నడుమ 270 కిలోలు పెరుగవలసియున్నది. దినమునకు 250 గ్రాములు మాత్రమే పెరుగు దూడ ఆ దూరము నడచుటకు 1,080 దినములు, అనగా 36 నెలలు పట్టును. 450 గ్రాములు పెరుగు దూడకు 600 దినములు చాలును. గేదె 10 నెలల 10 దినములు మోయును గనుక, మొదటిది నాలుగేండ్లకు ఈనుటయే గగనము. రెండవదానికి రెండుమూడు ఎదలు తప్పిపోయినవనుకొన్నను మూడేండ్లలోపుననే దూడయు పాలును ఇంటికి వచ్చును. నడుమ మిగిలిన యొక సంవత్సరపు వాయువు నెంచి చూతము. ముందు పేర్కొన్న గణనపద్ధతిలో 300 కిలోల గేదెకు సంవత్సరమునకు 55 కిలోల మీథేను కట్టినారు. మన పడ్డ చిన్నది గనుక 40 కిలోలే యనుకొందము. దానిని 28చే గుణింపగా 1,120 కిలోల బొగ్గుపులుసువాయువుతో సమానమగును. ఒక్క పాలచుక్కయైనను ఈయక, ఒక్క పడ్డ, ఒక్క యేట!

ఈ సంవత్సరము ఎక్కడ పోవుచున్నదని పరిశీలించినచో, అది చూలు కట్టించునప్పుడు గాక, దూడ పుట్టిన తొలి మూడు నెలలలోనే పెద్దపాలు పోవుచున్నదని తెలియును. కావున ఈ భాగమును కొంత విస్తరించి చెప్పెదను. దూడ నేలబడిన గంట రెండుగంటలలోపున దానికి ముఱ్ఱుపాలు త్రాగింపవలెను. మాయ పడినదాక పాలు పితుకరాదని కొందఱు పెద్దలు పట్టుపట్టుదురు. వారియందు గౌరవ ముంచియే ఈ యాచారమును విడిచిపెట్టుడు. తల్లి గర్భమున నుండగా దూడకు రోగనిరోధకశక్తి అందదు. అది ముఱ్ఱుపాలనుండియే రావలెను, ఆ పాలనుండి దానిని గ్రహింపగల సామర్థ్యము దూడ ప్రేగులకు మొదటి దినముననే యుండి గంటగంటకు క్షీణించిపోవును. బరువులో పదియవవంతు, అనగా మూడు లీటర్ల పాలు, ఆ మొదటి దినమున రెండు మూడు విడతలుగా కడుపునకు చేరవలెను. బొడ్డును శుభ్రమైన కత్తెరతో కత్తిరించి టింక్చరు అయొడిను అద్దవలెను. చీముపట్టిన బొడ్డు కీళ్ళకు ప్రాకి దూడను కుంటిచేయుట మీలో పలువురు చూచియే యుందురు.

పిమ్మట ఏలికపాములు. గేదెదూడల పాలిటి మృత్యువు ఇదియే యని చెప్పిన అతిశయోక్తి గాదు. తల్లి కండలలో దాగియున్న పురుగు పిల్లలు ఈనగానే పాలలోనికి దిగి, ఆ పాలతోనే దూడ కడుపున ప్రవేశించి, మూడువారములు తిరుగకమునుపే ప్రేగులలో పెద్దవై పేరుకొనును. దూడకు మట్టిరంగు పాఱుడు, ఉబ్బిన పొట్ట, గరుకు వెండ్రుకలు కనబడునప్పటికే ఆలస్యమైపోవుచున్నది. పుట్టిన 10వ దినమునకును 15వ దినమునకును నడుమ పశువైద్యుని సలహాపై నట్టలమందు తొలిమోతాదు పోయించి, ఆ పైని నెలనెలకు ఆఱునెలలదాక పోయించినచో ఈ గండము గడచును. ఖర్చు స్వల్పము, మఱపు మాత్రమే ప్రమాదము.

పాలమాట యెత్తినప్పుడు రైతు మొగము చిన్నబోవుట నేనెఱుగుదును. డెయిరీకి పోయదగిన పాలను దూడకు విడుచుట ఎవరికైనను బాధాకరమే. అయినను తొలినెలలో బరువులో పదియవవంతు, రెండవనెలలో పదునైదవవంతు, మూడవనెలలో ఇరువదవవంతు చొప్పున పోసినను, మూడు నెలలకును కలిపి మూడువందల లీటర్ల లోపుననే ముగియును. దానికి బదులుగా ఒక సంవత్సరము ముందుగా వచ్చు ఒక ఈత పాలను త్రాసులో రెండవ వైపున పెట్టి చూచుకొనుడు. రెండవ వారమునుండియే గుప్పెడు మెత్తని దాణాను మూతికి చూపి, లేత పచ్చగడ్డిని అందించుచు వచ్చినచో పెద్దపొట్ట త్వరగా పనికి వచ్చును. అట్టి దూడకు పాలు మాన్పించినప్పుడు ఎదుగుదల కుంటుపడదు.

పాలు మాన్పించిన పిమ్మట వచ్చు కాలము ఎవరికిని పట్టని కాలము. అప్పటిదాక తల్లి చేపుటకైనను దూడ అవసరము. ఆ యవసరము తీరగానే దానిని మందలో తోలివేసి, కోసిన మళ్ళపై దొరికినది మేసి బ్రతుకుమని విడిచిపెట్టుదురు. తొలి మూడు నెలలలో మొదలైన నష్టము 250 గ్రాముల పెరుగుదలగా ఇచట స్థిరపడుచున్నది. వట్టి వరిగడ్డిలో మాంసకృత్తులు మిక్కిలి స్వల్పము. అది జీవనపోషణమునకే చాలీచాలనిది. పైగా నాసిరకపు పీచుమేత పొట్టలో ఎక్కువకాలము నిలిచి, జీర్ణమైన ప్రతిపాలునకు ఎక్కువ మీథేనును పుట్టించును. దినమునకు కిలో, కిలోన్నర దాణా, అందు మొక్కజొన్నలో జొన్నలో ఒకవంతు, వేరుశనగచెక్క గాని పత్తిచెక్క గాని యొకవంతు, తవుడు ఒకవంతు చొప్పున కలిపి, నూటికి రెండుపాళ్ళు ఖనిజలవణ మిశ్రమమును ఒకపాలు ఉప్పును చేర్చి పెట్టినచో పడ్డ ముఖము తిరుగును. దాణా కొనలేని యింట పచ్చిమేతయే దాణాపని చేయును. కృష్ణా గోదావరి డెల్టాలలో వరికోతకు ముందు చల్లు పిల్లిపెసర, జనుము ఇందుకు ఎంతయు తగినవి. మెట్టప్రాంతములవారు గట్లపై అవిశ, సుబాబుల్ పెంచుకొనవచ్చును, అలసందను జొన్నతో కలిపి చల్లుకొనవచ్చును. అయితే వానలేక వాడిన లేతజొన్నను పూతకు రాకమునుపు ఎన్నడును మేపకుడు. అందలి విషము నిముషములలో పశువును కూల్చును.

వరిగడ్డి తప్ప వేఱుగతి లేనివారు దానినే మాగబెట్టుకొనవచ్చును. నూఱుకిలోల గడ్డికి నాలుగుకిలోల యూరియాను 50 లీటర్ల నీటిలో కరగించి, పొరపొరకు సమానముగా చల్లి, త్రొక్కి, గాలి చొరకుండ కప్పి, 21 దినము లుంచవలెను. తీసిన పిమ్మట ఘాటు పోవువఱకు ఆరబెట్టి, కొద్దికొద్దిగా అలవాటు చేయవలెను. ఆఱునెలలలోపు దూడలకు దీనిని పెట్టరాదు. యూరియాను పొడిగా చల్లుట గాని, కరగించిన నీటిని పశువునకు అందుబాటున విడుచుట గాని ప్రాణాంతకము. ఈ పనిని పిల్లలకు అప్పగింపక ఇంటి పెద్దయే చేయవలెను.

మీథేనును తగ్గించు మందులున్నవిగదా, అవి మేపిన చాలదా యని చదువుకొన్న యువకులు అడుగుచున్నారు. బెంగుళూరులోని జాతీయ పశుపోషకాహార, శరీరధర్మశాస్త్ర సంస్థవారు 2021లో హరితధార యను మేతమిశ్రమమును ప్రకటించి, దానివలన మీథేను 17 నుండి 20 శాతమువఱకు తగ్గునని తెలిపినారు. అది ఆదరింపదగిన కృషియే. కాని ఎదగక నిలిచిన పడ్డకు దానిని మేపినచో, మిగిలిన 80 శాతము వాయువు నిష్ప్రయోజనముగా వెలువడుచునే యుండును. ముందుగా నెలలను తగ్గించుకొని, పిమ్మట మందును గూర్చి ఆలోచించుట క్రమము.

పడ్డ బరువును తెలిసికొనుటకు కాటా లేదని చింతింపనక్కఱలేదు. ముందుకాళ్ళ వెనుకగా రొమ్ముచుట్టుకొలతను, భుజపు మొననుండి పిఱుదుటెముకదాక పొడవును టేపుతో అంగుళములలో కొలిచి, చుట్టుకొలతను దానితోనే గుణించి, ఆ వచ్చినదానిని పొడవుచే గుణించి, 660చే భాగింపగా కిలోలలో బరువు రమారమిగా వచ్చును. చుట్టుకొలత 64, పొడవు 48 అంగుళములున్న పడ్డ దాదాపు 298 కిలోలు తూగును. నెలకొకసారి కొలిచి గోడమీదనైనను వ్రాసిపెట్టుడు. రెండునెలలు వరుసగా అంకె కదలకున్నచో అప్పుడే కారణము వెదకవలెను గాని, మూడేండ్లు గడచిన పిమ్మట గాదు. తొందరపడి 250 కిలోలకే కట్టించినచో ఈతకష్టము వచ్చి తల్లియు దూడయు ఇద్దఱును దక్కకపోవచ్చును. అట్లే విపరీతముగా దాణా మేపి కొవ్వెక్కించుటయు హితము గాదు: పొదుగులో పాలగ్రంథులుండవలసిన చోట కొవ్వు నిండును, ఎదయు క్రమము తప్పును.

బరువు వచ్చిన తరువాత చివరి అడ్డంకి మూగఎద. గేదె ఆవువలె బాహాటముగా ఎదను ప్రకటింపదు. వేసవిలో నైతే మఱియు గుప్తముగా నుండును. దాని లక్షణములు ఎక్కువగా రాత్రివేళలను తెల్లవాఱుజామునను కనబడును గనుక, పడుకొనబోవుటకు ముందొకసారి, లేవగానే యొకసారి కొట్టమునకు పోయి, మాటిమాటికి మూత్రము పోయుచున్నదా, తీగలు వేయుచున్నదా, మేత తగ్గినదా యని దీపము పట్టి చూడవలెను. ఒక యెద తప్పిన 21 దినములు పోవును. వేసవి మధ్యాహ్నములలో చెఱువునకు తోలుటయో, చెఱువు లేనిచోట నీరు చల్లి చెట్టునీడను కట్టుటయో చేసినచో ఎద దాగుట కొంత తగ్గును. ఉదయము కనబడిన ఎదకు సాయంకాలమును, సాయంకాలము కనబడినదానికి మఱునాటి ఉదయమును, కృత్రిమగర్భధారణ చేయు గోపాలమిత్రను పిలిపించుట మంచిది.

కట్టించితిమి, మరల ఎదకు రాలేదు గనుక చూడి నిలిచినదని నిశ్చింతగా నుండుట పలువురి యలవాటు. మూగఎద గల జాతి విషయమున ఆ నిశ్చింతకు ఆధారము లేదు. ఆఱునెలలు ఎదురుచూచి, పొట్ట పెరుగకపోగా అప్పుడు పరీక్ష చేయించువారు ఎదగని నెలలలో మఱియొక అర్ధసంవత్సరమును కలుపుకొనుచున్నారు. కట్టించిన తేదీని వ్రాసికొని, రెండుమూడు నెలలలోపున పశువైద్యునిచే చూడి పరీక్ష చేయింపుడు. ఖాళీయని తేలినచో ఖనిజలోపమా, గర్భాశయవ్యాధియా అని ఆ దినముననే విచారించి వైద్యము మొదలిడుడు. మూడుమార్లు కట్టించినను నిలువని పడ్డను మఱియొక యేడు చూతమని యుంచుకొనుటయా, దాని మేతను ఎదుగుచున్న దూడకు మరల్చుటయా యని ఇంటిల్లిపాది కూర్చుండి, ఆ తేదీలను, ఆ కొలతలను ముందుంచుకొని నిర్ణయించుకొనుడు.